కళ్లం గుండుకు పేరు

కళ్లం గుండు ఏ ఆకారంలో ఉంటుందని మా ఆయన అడిగినప్పుడు నేను పెనం మీద రొట్టె తిప్పుతున్నాను. వెనక్కి చూడకుండానే సిలిండర్ అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. బళ్ళారి కాలేజీలో ఇంటర్మీడియట్ లెక్కలు చదివిన దాన్ని కాబట్టి, ఆ మాట గ్రీకు భాషలో దొర్లడం అనే మాట నుంచి పుట్టిందనీ, సిలిండర్ అంటేనే దొర్లే గుండు అనీ కూడా చెప్పాను. ఆయనకు ఆ సంగతి నచ్చింది. ఆ సాయంత్రమే పటం గీశారు. పొడవు మూడడుగులు, రెండు కొసలా వ్యాసం పద్దెనిమిది అంగుళాలు అని రాసి, ఆకారం అన్న చోట సిలిండర్ అని పెట్టి పై ఆఫీసుకు పంపారు.

అది యాభై ఆరు జనవరి. మా తాలూకా బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి మారి రెండేళ్ళు దాటింది. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ కొత్తగా పెట్టిన ప్రభుత్వ విత్తనాల ఫారానికి మా ఆయన బసవరాజుగారు మేనేజరు. ఫారంలోనే మాకు రెండు గదుల మిద్దె ఇచ్చారు. కోసిన జొన్న కంకుల మీద ఎద్దులతో లాగించే రాతి గుండ్లు మంచివి చేయించి, చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళ కళ్లాలకు ఇవ్వాలని ఆ ఏడు ఆఫీసు తలపెట్టింది. ముందు మచ్చుకు రెండు గుండ్లు చెయ్యమన్నారు. ఒకటి ఆదోనిలో ఒక కాంట్రాక్టరుకు ఒప్పజెప్పారు. రెండోది హనుమన్నకు.

హనుమన్నకు అరవై దాటి ఉంటాయి. ఆదోని కొండల కింద రాయి కొట్టడం అతని తండ్రి నాటి పని. హొళగుంద నుంచి మద్దికెర దాకా ఏ కళ్లంలో చూసినా అతను చెక్కిందో, అతని తండ్రి చెక్కిందో ఒక గుండు ఉంటుందని మా ఫారం పాలేరు ఉరుకుందప్ప చెప్పాడు. పటం తీసుకోవడానికి భార్య దేవక్కను వెంటబెట్టుకొని వచ్చాడు. కాగితం చేతికిస్తే దాన్ని చూడకుండా ఆమెకు ఇచ్చాడు. ఆమె మడిచి నడుముకు దోపుకుంది.

"కళ్లం యాడుంది సారూ?" అని అడిగాడు.

రాయి కొండ దగ్గర ఉంటే కళ్లంతో ఏం పని అని ఫారం గుమాస్తా నవ్వాడు. కాని కళ్లం చూడకుండా హనుమన్న గుండు మొదలుపెట్టడు. అది వాళ్ళ ఇంటి పద్ధతి. కళ్లం నడుమ పాతిన గుంజను ఈ పక్క మేటి అంటారు. దేవక్క తాడు కొసను ఆ మేటి దగ్గర అదిమి పట్టుకుంటే, అతను తాడు వదులుతూ ఎద్దులు తిరిగే చోటి దాకా నడిచి, అక్కడ ముడి వేసుకుంటాడు. ముడి పడ్డాకే రాయి వెతకడం. మా ఆయన దాన్ని పని మొదలుపెట్టే ముందు కొబ్బరికాయ కొట్టడం లాంటిది అనుకొని, మా ఫారం కళ్లంలోనే కానివ్వమన్నారు. నేను వాకిట్లో నిలబడి చూశాను. చూశానే గాని ఆ తాడు ఎందుకని నాకు అడగాలనిపించలేదు. సిలిండర్ అని చెప్పేసిన తరువాత ఆ విషయం నా వరకు అయిపోయింది.

మూడు వారాలకు రెండు గుండ్లూ బండ్ల మీద వచ్చాయి. వాటిని చూసి ఖాయం చెయ్యడానికి కర్నూలు నుంచి ఇంజనీరు జీపులో వచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి. పని తొందరే గాని చెడ్డవాడు కాదు. పట్టుకారు లాంటి ఇనుప కొలత సాధనం ఒకటి తెచ్చుకున్నాడు. కాంట్రాక్టరు గుండుకు దాన్ని రెండు కొసలా బిగించి చూసి తల ఊపాడు. రెండు వైపులా పద్దెనిమిది. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. తరువాత హనుమన్న గుండు. ఒక కొస పద్దెనిమిది. రెండో కొస పదిహేను.

ఆయన మళ్ళీ కొలిచాడు. పదిహేనే.

ఒక నూలుపోగంత తేడా వస్తే చెయ్యి జారిందనుకోవచ్చుననీ, మూడంగుళాలు తేడా వచ్చిందంటే ముసలాయనకు కళ్ళు పోయాయనీ మా ఆయనతో అన్నాడు. ఆ మాట హనుమన్న ముందరే అన్నాడు. తారు డబ్బా తెప్పించి, గుండు మీద అడ్డంగా రెండు గీతలు పెట్టించి, మిగతా పని చూపు బాగున్న పడుచువాడికి ఇవ్వమన్నాడు. హనుమన్న పక్కనే చేతులు కట్టుకొని ఉన్నాడు.

"తిరగాల్సిన రాయి సారూ అది. ఒకసారి తిప్పి సూడండి" అన్నాడు.

పటం ఉండగా తిప్పి చూడడం ఎందుకని ఇంజనీరు జీపు ఎక్కాడు. ఆదోనిలో మూడు రోజులు పని ఉందనీ, శుక్రవారం తిరిగి వచ్చి కాగితాల మీద సంతకం చేస్తాననీ చెప్పి వెళ్ళాడు.

రాయిని వెనక్కి తీసుకుపోవడానికి బండి మరునాటికి గాని దొరకదు. హనుమన్న, దేవక్క కొట్టం నీడలో గుండు పక్కనే కూర్చున్నారు. నేను మజ్జిగ తీసుకుపోతే అతను చెంబు అందుకొని కింద పెట్టాడు, తాగలేదు. దేవక్క మాత్రం మాట్లాడింది. ఈ గీతల రాయి బండి మీద ఆదోని బజారులో పోతే చూసినవాళ్ళంతా ఏమనుకుంటారని అడిగింది. రాయి కొట్టేవాడికి కళ్ళు పోయాయని ఒకసారి పేరు పడితే మళ్ళీ ఎవరూ పిలిచి పని చెప్పరు. నలభై ఏళ్ళు సంపాదించుకున్న పేరు మూడు రోజుల్లో పోతుంది. ఆమె ఏడుస్తూ చెప్పలేదు. రేపు వాన వస్తుందేమో అన్నంత మామూలుగా చెప్పింది. అందుకే నాకు ఎక్కువ తగిలింది.

ఇంటికి వచ్చి కుట్టుమిషను సొరుగులో నుంచి కొలత టేపు తీసుకొని మళ్ళీ కొట్టం దగ్గరికి వెళ్ళాను. ఎందుకో నాకు ఇంజనీరు రెండు కొసలే కొలిచి వదిలెయ్యడం నచ్చలేదు. రాయి చుట్టూ టేపు చుట్టి అడుగడుగుకూ కొలిచి, లెక్కగట్టి వ్యాసం రాసుకున్నాను. మొదట్లో పద్దెనిమిది. అడుగు దూరాన పదిహేడు. రెండడుగుల దగ్గర పదహారు. చివర పదిహేను. కళ్ళు పోయినవాడి పొరపాటు ఇంత వరసగా, అడుగుకు అంగుళం చొప్పున రాదు. ఇది కావాలని చేసిన పని.

పెట్టె అడుగు నుంచి కాలేజీ నాటి క్షేత్రగణితం పుస్తకం తీశాను. ఆ ఆకారం నాలుగో అధ్యాయంలో ఉంది. నేను పరీక్షకు వల్లించిందే. కోన్ అంటే కుప్పబోసిన జొన్నరాశిలా కింద గుండ్రంగా, పైన మొనదేలి ఉండే ఆకారం. దాని మొన కోసేస్తే మిగిలేది ఫ్రస్టం. పటంలో ఫ్రస్టం నిండు గీతలతోనూ, కోసేసిన మొన చుక్కల గీతలతోనూ వేసి ఉంది. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందోనని పెద్ద నిఘంటువు తీశాను. లాటిన్ మాట. అర్థం, తునక. తినే పదార్థంలో విరిగిన ముక్క.

నాకు నిరుత్సాహం కలిగింది. సిలిండర్‌కు దొర్లే గుండు అన్న గౌరవమైన పుట్టుక ఉంది. దీనికి విరిగిన ముక్క. ఇంజనీరుకు ఈ పేరు చెబితే, ముక్కను తెచ్చి గుండు అంటారా అని అడగవచ్చు. అయినా ఎవరికో చెప్పే ముందు, చేసినవాడికి చెప్పాలి కదా అని పుస్తకం పట్టుకొని బయటికి నడిచాను.

నేను చెప్పిందంతా దేవక్క విని, మొగుడి వైపు తిరిగింది. "ఆ సారు నీకు కళ్ళు లేవంటాడు. ఈయమ్మ నీ రాయిని రొట్టె తునక అంటాది. ఇద్దరూ సదువుకున్నోళ్లే" అంది.

హనుమన్న నవ్వలేదు. పుస్తకం నా చేతిలో ఉండగానే వంగి చూస్తున్నాడు. అతనికి అక్షరాలు రావు. బొమ్మనే చూస్తున్నాడు.

"ఈ సుక్కలేంది అమ్మా?"

అది కోసేసిన భాగమని చెప్పాను. నిజానికి అక్కడ ఏమీ లేదు, ఉన్నట్టు అనుకోవడానికి చుక్కలు పెడతారని అన్నాను. అతను పుస్తకాన్ని నా చేతిలోనే మెల్లగా పక్కకు తిప్పాడు. నిలబడి ఉన్న కోన్ నేల మీద పడుకుంది. పెద్ద కొస బయటికి, మొన లోపలికి. చుక్కల గీతలు కలిసే చోట వేలు పెట్టాడు. ఉలి దెబ్బలకు గోరు సగమే మిగిలిన వేలు.

"ఇది మేటి" అన్నాడు.

నాకు లెక్క దానంతటదే వచ్చింది. అడుగుకు అంగుళం తగ్గుతూ పోతే, పద్దెనిమిది అంగుళాలూ తగ్గి మొన తేలేది పద్దెనిమిది అడుగుల దగ్గర. ఆ రోజు తాడు ఎంత వచ్చిందని అడిగాను. పన్నెండు మూరలు అన్నాడు. మూర అడుగున్నర. పన్నెండు మూరలంటే పద్దెనిమిది అడుగులు.

నేల మీద పడుకోబెట్టిన కోన్‌ను తోస్తే అది ఎటూ పోదు. మొన ఉన్నచోటే ఉండి, దాని చుట్టూ తిరుగుతుంది. కళ్లంలో కనబడేది మూడడుగుల గుండు. కనబడనిది అక్కడి నుంచి మేటి దాకా పదిహేను అడుగులు. పుస్తకంలో నాకు అక్కరలేదనిపించిన చుక్కల గీత మీదనే హనుమన్న నలభై ఏళ్ళుగా పని చేస్తున్నాడు.

"తునకేనమ్మా. తప్పు పేరేం కాదు" అన్నాడు. "తునక కాకుంటే అది తిరగదు. మిగిలింది సెక్కేది కాదు, కళ్లానికి ఇడిసిపెట్టేది."

దేవక్క మజ్జిగ చెంబు అతని చేతికి ఇచ్చింది. ఈసారి తాగాడు.

మా ఆయనకు చెప్పడం అంత సులువు కాలేదు. పటం ఆయన సంతకంతో పోయింది. తప్పు నాది అని ముందే చెప్పాను, గుండును చూడకుండా మాట పుట్టుకను చూసి జవాబిచ్చానని. ఆయన భోజనం చేస్తూ విన్నారు. చెయ్యి కడుక్కొని వచ్చి నా లెక్క కాగితం రెండుసార్లు చదివారు. అంకెలు సరిపోయాయి, కాని ఇంజనీరు అంకెలకు లొంగడు, అతను ముందే అంకెలు చూశాడు కదా అన్నారు. తెల్లవారి లేచి ఆయన మొదట చేసిన పని బండి వద్దని కబురు పంపడం. రెండోది ఉరుకుందప్పను పిలిచి కళ్లం అలికించమనడం.

శుక్రవారం ఎమ్మిగనూరు దారిన పోయే రైతులు కళ్లంలో కంకులు పరిచి ఉండడం, గుండు మీద తారు గీతలు ఉండడం చూసి ఒక్కొక్కరే ఆగారు. ఇంజనీరు వచ్చేసరికి ముప్పై మంది అయ్యారు. ఆయనకు ఇది నచ్చలేదు. సంతకం పెట్టి పోవడానికి వచ్చినవాణ్ణి తిరునాళ్ళకు తెచ్చినట్టుందని అన్నాడు. ఒక్క అరగంట అని మా ఆయన బతిమాలారు. సరే, ముందు ఖాయం చేసిన గుండునే తోలమని ఇంజనీరు జీపు మెట్టు మీద కూర్చున్నాడు.

ఉరుకుందప్ప కాంట్రాక్టరు గుండుకు చట్రం బిగించి ఎద్దులు కట్టాడు. రాయి ముచ్చటగా ఉంది, సానబెట్టినట్టు. పది అడుగులు బాగా దొర్లింది. ఎద్దులు మలుపు తిరగగానే అది తిరగనంది. నేరుగా పోవాలని చూస్తుంది. ఎద్దులు లోపలికి లాగితే దొర్లడం మాని జారుతుంది. జారిన చోటల్లా కళ్లం అలుకు పెచ్చులుగా లేచి మన్ను జొన్నల్లో కలిసింది. చట్రం కిర్రుమంది. ఉరుకుందప్ప పగ్గం రెండు చేతులా పట్టుకొని మేటి వైపు వాలిపోయాడు. ఆరో చుట్టులో లోపలి ఎద్దు ఆగిపోయింది. ఆపమని ఇంజనీరే చెయ్యి ఎత్తాడు. ఎద్దులు కొత్తవా అని అడిగాడు. ఐదేళ్ళుగా ఈ పనే చేస్తున్నాయని ఉరుకుందప్ప చెప్పాడు.

తరువాత తారు గీతల గుండు. ఇద్దరు కూలీలు దాన్ని దొర్లించుకొచ్చి చట్రంలో పెట్టారు. ఎద్దులు కదిలాయి. గుండు కదిలింది. కదిలి, కళ్లం దాటి బయటికి, రైతులు నిలబడిన వైపుకు మళ్ళింది. జనం పక్కకు తప్పుకున్నారు. ఎవరో నవ్వారు. ఇంజనీరు వాచీ చూసుకున్నాడు. మా ఆయన ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

దేవక్క ఆడవాళ్ళ గుంపులో నుంచి కళ్లం మధ్యకు వెళ్ళింది. పరుగెత్తలేదు. కూలీల ముందు నిలబడి, "యాందప్పా, సొక్కా గూడ ఎనకముందు తెలీకుండానే ఏసుకుంటారా? పెద్ద మొగం బయటికి, సిన్న మొగం మేటికి" అంది.

వాళ్ళు చిన్న కొసను బయటికి పెట్టి ఉన్నారు. తీసి తిప్పి పెట్టారు. ఉరుకుందప్ప మళ్ళీ అదిలించాడు.

ఈసారి చట్రం చప్పుడు చెయ్యలేదు. కంకులు నలిగే చప్పుడే వినబడింది. గుండు ఎద్దుల వెంట తిరిగిందనడం కంటే ఎద్దులే దాని వెంట తిరిగాయనాలి. రెండో చుట్టుకు పగ్గం వదులై నేలకు వేలాడింది. నాలుగో చుట్టుకు ఉరుకుందప్ప పగ్గాన్ని మేటికి తగిలించి, చేతులు దులుపుకొని వచ్చి రైతుల పక్కన నిలబడ్డాడు. ఎద్దులు వాటంతటవే తిరుగుతున్నాయి. ఒక ఎద్దు నడుస్తూనే కంకి అందుకొని నమలసాగింది.

"నడుపుతాండేది ఎవురప్పా?" అని ఒక రైతు అడిగాడు.

"రాయే" అన్నాడు ఉరుకుందప్ప.

ఇంజనీరు జీపు మెట్టు దిగాడు. గుండు వెనకాలే నడవడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, రెండు, ఐదు. బూట్ల నిండా పొట్టు పడింది. వంగి గుప్పెడు జొన్నలు తీసి అరచేతిలో చెరిగి చూశాడు. మన్ను లేదు. అప్పుడు మా ఆయన వైపు తిరిగి, ఏమిటిది, ఏ ఆకారం అని అడిగాడు. మా ఆయన నా వైపు చూశారు.

నేను చీర కొంగు సర్దుకొని రెండడుగులు ముందుకు వచ్చాను. ఫ్రస్టం ఆఫ్ ఎ కోన్ అని చెప్పాను. అడుగుకు అంగుళం తగ్గుతుందనీ, కోన్ మొన పద్దెనిమిది అడుగుల దగ్గర ఉండాలనీ, మేటి నుంచి కొలిచి చూడమనీ చెప్పాను.

ఆయన ఎద్దులను ఆపించి తన టేపు తెప్పించాడు. పెద్ద కొస దగ్గర టేపు మొదలు తనే పట్టుకున్నాడు. మా ఆయన రెండో వైపు పట్టుకొని మేటి దాకా నడిచారు. చదివి చెప్పమన్నాడు ఇంజనీరు. పద్దెనిమిది అని మా ఆయన గట్టిగా, రైతులందరికీ వినబడేలా చెప్పారు. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

ఇంజనీరు కాసేపు మేటినీ, గుండునూ మార్చి మార్చి చూశాడు. కాలేజీలో ఈ ఆకారం మీద పరీక్షలో పూర్తి మార్కులు వచ్చాయనీ, తిరుగుతుండగా ఎప్పుడూ చూడలేదనీ అన్నాడు. ఆ పేరుకు అర్థం తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. తునక అని చెప్పాను. ఆయన హనుమన్నను దగ్గరికి పిలిచాడు.

"ఇది తునక అయితే మిగతాది ఎక్కడుంది పెద్దాయనా?" అన్నాడు. పెద్దాయనా అన్న పిలుపు జనమంతా విన్నారు.

హనుమన్న గుండుకూ మేటికీ నడుమ ఖాళీగా ఉన్న నేలను చెయ్యి చాపి చూపించాడు. "ఆడుంది సారూ. మీరు దాని మీదనే నిలబడినారు" అన్నాడు.

ఇంజనీరు నిజంగానే కాళ్ళ కిందికి చూసుకొని పక్కకు జరిగాడు. రైతులు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. తరువాత పటం తెప్పించి, జీపు బానెట్ మీద పెట్టి, సిలిండర్ అన్న మాటను తన కలంతోనే కొట్టేసి, పైన ఫ్రస్టం అని రాసి సంతకం పెట్టాడు. కిందనే, హనుమన్న చూపుకు తాను అన్న మాట పొరపాటని కూడా రాశాడు. అది రాయమని ఎవరూ అడగలేదు. మా ఆయన దాన్ని తెలుగులో చదివి వినిపించారు. దేవక్క మరొకసారి చదవమంది. చదివారు. ఈసారి ఆమె రైతుల వైపు తిరిగి నిలబడి వింది.

మిగతా పన్నెండు గుండ్లూ ఇవే కొలతలతో హనుమన్ననే చెయ్యమన్నాడు ఇంజనీరు. హనుమన్న తల అడ్డంగా ఊపాడు. మద్దికెర కళ్లం ఇంతకన్నా పెద్దదని, దానికి గుండు ఇంతగా సన్నబడితే పనికిరాదని చెప్పాడు. ఇంజనీరు ఈసారి వెంటనే అర్థం చేసుకున్నాడు. కళ్లం మారితే మొన ఉండే చోటు మారుతుంది. పన్నెండు కళ్లాలూ చూడాలి కాబట్టి, తెల్లవారగానే జీపు తెస్తాననీ, తాను కూడా తాడు పట్టుకుంటాననీ అన్నాడు.

తలపాగా చుట్టుకున్న రైతు ఒకాయన అప్పటికే హనుమన్న పక్కన నిలబడి సగం కన్నడం, సగం తెలుగులో ఏదో మాట్లాడుతున్నాడు. హనుమన్న ఆయన మాట పూర్తిగా విని, తరువాత ఇంజనీరు వైపు తిరిగాడు.

"ఈయప్పది హొళగుంద సారూ. మీకన్నా ముందు అడిగినాడు. రేపు ఆడికి పోతాండాము. మీ జీపు ఎల్లుండి తెండి" అన్నాడు.

ఇంజనీరు జేబులో నుంచి డైరీ తీసి, ఎల్లుండి తారీఖు ఉన్న పేజీ వెతుక్కొని, దాని మీద హనుమన్న పేరు రాసుకున్నాడు.